కాలం గుట్టు వెతికిన ఇమామ్ గజాలీ

ఈ లోకం పుట్టకముందు ఏముండేదని పిల్లలు అడుగుతారు. అల్లాహ్ ఉండేవాడని పెద్దలు చెబుతారు. చురుకైన పిల్లవాడైతే అంతటితో ఊరుకోడు. మరి అంతకాలం అల్లాహ్ ఏం చేస్తుండేవాడని మళ్ళీ అడుగుతాడు. ఈ రెండో ప్రశ్న దగ్గర చాలామంది తండ్రులు పిల్లవాణ్ణి కసిరి పంపేస్తారు. కాని ఇది కసిరి పంపవలసిన ప్రశ్న కాదు. సుమారు 930 సంవత్సరాల కిందట బాగ్దాద్‌లో ఒక మహాపండితుడు సరిగ్గా ఈ ప్రశ్ననే చేపట్టి, తన కాలపు తత్వవేత్తలందరికీ ఎదురు నిలిచి గ్రంథం రాశారు. ఆయనే హుజ్జతుల్ ఇస్లాంగా ప్రసిద్ధి చెందిన ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి). ఆ గ్రంథం ముగించిన కొద్దినెలలకే కాలం ఆయన్ను మరోవిధంగా పట్టుకున్నది. ఆ సంగతి తెలిస్తేగాని ఆయన జీవితం అర్థం కాదు.

గజాలీ హిజ్రీ 450లో, అంటే క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ పట్టణంలో జన్మించారు. తూస్ ఇప్పటి ఇరాన్‌లోని మష్‌హద్ నగరానికి సమీపంలో ఉండేది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే సామాన్యుడు. ఆ వృత్తిని బట్టే గజాలీ అనే పేరు వచ్చిందని కొందరు, గజాలా అనే గ్రామాన్ని బట్టి వచ్చిందని మరికొందరు చెబుతారు. ఆ తండ్రికి చదువు లేదు. కాని పండితుల సభలంటే ప్రాణం. మరణం దగ్గరపడినప్పుడు, ముహమ్మద్, అహ్మద్ అనే తన ఇద్దరు పిల్లల్ని ఒక సూఫీ మిత్రుడి చేతిలో పెట్టి, ఉన్న కొద్దిపాటి సొమ్ము అప్పగించి, వీళ్ళకు చదువు చెప్పించమని కోరాడు. సొమ్ము అయిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. అందుచేత పిల్లల్ని తిండి పెట్టే మద్రసాలో చేర్పించాడు. అన్నం కోసం మొదలైన చదువే చివరికి తమను అల్లాహ్ వైపు లాక్కుపోయిందని గజాలీ పెద్దయ్యాక తలచుకునేవారట.

చిన్ననాటి ఘట్టాల్లో దొంగల వృత్తాంతం మన ఇళ్ళలో చాలామందికి తెలిసిందే. జుర్జాన్‌లో చదువుకుని తిరిగివస్తుండగా దారిదోపిడీగాళ్ళు బిడారంమీద పడి అన్నీ దోచుకున్నారు. పోయినవాటిలో గజాలీ పాఠాలు రాసుకున్న కాగితాలు కూడా ఉన్నాయి. ఆయన దొంగల నాయకుడి వెంటపడి, నీకు పనికిరాని ఆ కాగితాలొక్కటీ ఇచ్చెయ్యమని బతిమాలుకున్నారు. కాగితాలు పోతే పోయే చదువు అదేమి చదువని ఆ దొంగ నవ్వి, మూట విసిరేశాడట. తూస్ చేరాక గజాలీ 3 సంవత్సరాలు కూర్చుని అంతా కంఠస్థం చేశారు.

తర్వాత నైషాపూర్ వెళ్ళి ఇమాముల్ హరమైన్ జువైనీ శిష్యరికం చేశారు. ఆ రోజుల్లో నైషాపూర్ చదువులకు పెట్టింది పేరు. సూఫీ పరిభాషను వివరిస్తూ ప్రసిద్ధ రిసాలా రాసిన ఇమామ్ ఖుషైరీ (మరణం 1072) ఆ నగరవాసే. ఖుషైరీ శిష్యుడు ఫార్మదీ దగ్గర గజాలీ కొంత ఆధ్యాత్మిక శిక్షణ కూడా పొందారు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఖుషైరీ సూఫీల మాటలకు అర్థాలు చెబుతూ మొట్టమొదట ఎత్తుకున్న మాట ‘వఖ్త్’. మనం ఉర్దూలో నిత్యం వాడే వక్త్ అదే. సూఫీల దృష్టిలో వఖ్త్ అంటే గడియారం చూపే సమయం కాదు. దాసుడు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో, ఈ క్షణంలో అల్లాహ్ అతడినుంచి ఏమి కోరుతున్నాడో అదే అతడి వఖ్త్. నిన్నటి విచారం, రేపటి బెంగ రెండూ ఈ క్షణపు హక్కును కాజేస్తాయని వారి బోధ. గజాలీ ఈ మాటలు యౌవనంలోనే విన్నారు. కాని విన్న మాట ఒంటబట్టడానికి ఆయనకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

1085లో గురువుగారు కన్నుమూశాక, గజాలీ సెల్జూక్ సామ్రాజ్యపు ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ కొలువు చేరారు. అక్కడి పండితసభల్లో వాదనలో ఆయన్ను గెలిచినవారు లేరు. 1091లో ఆయన బాగ్దాద్ నిజామియా మద్రసాకు ప్రధానాచార్యులయ్యారు. అప్పటికి వయసు 33. ముస్లిం ప్రపంచంలో అంతకు మించిన విద్యాపదవి ఆనాడు లేదు. 300 మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు. ఖలీఫా దర్బారులో గౌరవం, ఖరీదైన దుస్తులు, ఊరేగింపులు, అన్నీ అమరాయి.

పాఠాలు చెప్పగా మిగిలిన కాస్త సమయంలో గజాలీ గురువు లేకుండానే తత్వశాస్త్రం చదివారు. రెండేళ్ళలో దాన్ని ఆమూలాగ్రం గ్రహించి, మరో ఏడాది దానిమీదనే ఆలోచిస్తూ గడిపారు. ఎదుటివాడి వాదాన్ని అతడికంటే బాగా తెలుసుకోకుండా ఖండించడం గుడ్డివాడు రాయి విసరడం వంటిదని ఆయన నమ్మకం. అందుకే ముందుగా వారి సిద్ధాంతాలను ‘మఖాసిదుల్ ఫలాసిఫా’ అనే పుస్తకంలో విప్పి చెప్పారు. ఆ పుస్తకం లాటిన్‌లోకి వెళ్ళిన తర్వాత ఐరోపావాళ్ళు చాలాకాలం గజాలీని కూడా ఆ తత్వవేత్తల్లో ఒకడనుకున్నారంటే ఎంత న్యాయంగా రాశారో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత 1095 ఆరంభంలో ‘తహాఫతుల్ ఫలాసిఫా’ పూర్తిచేశారు. ఇందులో 20 అంశాలున్నాయి. అన్నిటికంటే పొడుగైనది మొదటిది. లోకం అనాదిగా ఉన్నదా, లేక దానికొక ఆరంభం ఉన్నదా అన్నదే ఆ చర్చ.

ఫారాబీ (మరణం 950), ఇబ్నె సీనా (మరణం 1037) వంటి తత్వవేత్తలు దైవాన్ని నమ్మినవారే. అయితే అరిస్టాటిల్‌ను అనుసరించి, కాలమంటే చలనానికి కొలత అని వారు చెప్పారు. కాలం ఫలానా క్షణంలో మొదలైందంటే ఆ క్షణానికి ముందు అనే మాట వస్తుంది. ముందు అన్నామంటే అప్పటికే కాలం ఉన్నట్టు. కనుక కాలానికి ఆరంభం లేదు, చలనానికీ లేదు, లోకానికీ లేదు. సూర్యుడు ఉన్నంతసేపూ వెలుగు ఉన్నట్టు, దైవం ఉన్నంతకాలమూ లోకం ఉన్నదని వారి వాదం. పైగా ఒక చిక్కుప్రశ్న వేశారు. లోకాన్ని సృష్టించాలన్న దైవసంకల్పం అనాదిగా ఉంటే అప్పుడే ఎందుకు సృష్టించాడు? అంతకు వెయ్యేళ్ళ ముందు ఎందుకు సృష్టించలేదు? శూన్యంలో ఒక క్షణానికీ మరో క్షణానికీ తేడా ఏముంది? మన చురుకైన పిల్లవాడి ప్రశ్న ఇదే.

గజాలీ జవాబు రెండు భాగాలుగా ఉంది. మొదటిది ఖర్జూరపు పండ్ల ఉపమానం. ఒక మనిషికి బాగా ఆకలిగా ఉంది. ఎదురుగా రెండు ఖర్జూరాలున్నాయి. రంగు, పరిమాణం, రుచి, చేతికి దూరం అన్నిటిలో రెండూ సమానం. తీసుకోగలిగింది ఒక్కటే. రెంటికీ తేడా లేదు గనుక అతడు ఏదీ తీసుకోకుండా ఆకలితో మాడిపోతాడా? పోడు. ఒకటి తీసుకుని తింటాడు. సమానమైన రెంటిలో ఒకదాన్ని వేరుచేయడమే సంకల్పం అనేదాని స్వభావం. బలహీనుడైన మనిషికే ఆ శక్తి ఉంటే సర్వశక్తిమంతుడి సంకల్పాన్ని ప్రశ్నించడం ఏమిటి? ఇంచుమించు ఇలాంటి కథనే ఐరోపాలో రెండు గడ్డిమోపుల మధ్య గాడిద కథగా చెప్పుకుంటారు. అక్కడ గాడిద చచ్చిపోతుంది. గజాలీ మనిషి మాత్రం తిని బతికాడు.

రెండో జవాబు మరింత లోతైనది. కాలాన్ని కూడా అల్లాహ్‌యే సృష్టించాడు. అల్లాహ్ ఉన్నాడు, లోకం లేదు, తర్వాత అల్లాహ్‌తోపాటు లోకం ఉన్నది అన్నప్పుడు మనం చెబుతున్నది రెండు స్థితుల్ని గురించి మాత్రమే. ఆ రెంటి వెనుక కాలమనే మూడో వస్తువు ఉన్నదని అనిపించడం మన ఊహాశక్తి చేసే మోసం. దీనికి ఆయన స్థలాన్ని సాక్ష్యం తెచ్చారు. లోకానికి పొలిమేర ఉన్నదని తత్వవేత్తలు ఒప్పుకుంటారు. ఆ పొలిమేర దాటితే ఏముందంటే, ఖాళీ చోటు కూడా లేదని వారే అంటారు. మనసు మాత్రం దాన్ని ఒప్పుకోదు, అవతల ఏదో ఉన్నట్టే తోస్తుంది. పైన అన్న చోట అది కేవలం ఊహ అని తోసిపుచ్చినవారు, ముందు అన్న చోట అదే ఊహను ఎలా ప్రమాణంగా తీసుకుంటారని గజాలీ నిలదీశారు. కాబట్టి అంతకాలం అల్లాహ్ ఏం చేశాడన్న ప్రశ్నలో ‘అంతకాలం’ అనే మాటే నిలవదు.

అంతటితో ఆగలేదు. ఆనాటి లెక్క ప్రకారం సూర్యుడు ఏడాదికి ఒక చుట్టు తిరుగుతాడు. శనిగ్రహానికి 30 ఏళ్ళు పడుతుంది. లోకం అనాది అయితే ఇద్దరూ లెక్కలేనన్ని చుట్లు తిరిగి ఉండాలి. మరి శని చుట్లు సూర్యుడి చుట్లలో 30వ వంతు కదా! అంతులేనిదానిలో 30వ వంతు కూడా అంతులేనిదే ఎలా అవుతుంది? 19వ శతాబ్దంలో జర్మన్ గణితవేత్త కాంటర్ అంతులేని సంఖ్యలకు వేరే లెక్కలు చూపించాక ఈ వాదం మునుపటంత గట్టిది కాదనేవారున్నారు. అయినా పూర్తిగా చావలేదు. 1979లో అమెరికన్ తత్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ దీన్ని తిరిగి పైకి తీశాక, విశ్వవిద్యాలయాల్లో కలాం వాదం పేరుతో చర్చిస్తున్నారు. విశ్వానికి సుమారు 1380 కోట్ల సంవత్సరాల వయసని నేటి ఖగోళశాస్త్రం చెబుతున్నది కనుక గజాలీ గెలిచారని మనవాళ్ళు కొందరు సంబరపడతారు. అంత తొందర అక్కర్లేదు. ఆ తొలి క్షణానికి ముందు సంగతి శాస్త్రజ్ఞుల్లో ఇంకా తేలలేదు. గజాలీ తన వాదాన్ని ఏ టెలిస్కోపు మీదా ఆధారపరచలేదు కూడా.

స్పెయిన్‌కు చెందిన ఇబ్నె రుష్ద్ (మరణం 1198) ఈ గ్రంథానికి ప్రతిగా మరో గ్రంథం రాశారు. ఆకలిగొన్నవాడు ఎంచుకునేది ఈ పండునా ఆ పండునా అని కాదు, తినడమా మానడమా అన్నది మాత్రమే, కనుక ఉపమానం కుదరదని ఆయన వాదం. ఈ జవాబులో పస ఉంది. గజాలీ తన పుస్తకం చివర 3 అంశాల్లో తత్వవేత్తలు ధర్మభ్రష్టులని తీర్పు చెప్పడం కూడా మరీ కఠినమని భావించిన పండితులున్నారు. కాని ఆయన విజ్ఞానశాస్త్రాలకు శత్రువన్న నింద మాత్రం సరికాదు. గ్రహణాల లెక్కలు మతానికి విరుద్ధమని వాదించేవారు మతానికి మేలు చేయడం లేదు, కీడు చేస్తున్నారని ఆయన అదే గ్రంథం ముందుమాటలో హెచ్చరించారు.

గ్రంథం ముగిసింది. పేరు మారుమోగింది. అదే 1095 జూలైలో, హిజ్రీ 488 రజబ్ నెలలో, ఒకరోజు పాఠం చెప్పబోతే గజాలీకి నోట మాట రాలేదు. ఆ తర్వాత ముద్ద దిగలేదు, గుక్కెడు నీళ్ళు కూడా దిగలేదు. ఇది మనసుకు వచ్చిన జబ్బని, మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. ఏం జరిగిందో ‘అల్ ముంఖిజ్’ అనే ఆత్మకథలో ఆయనే దాచుకోకుండా రాశారు. తాను చెప్పే పాఠాలు అల్లాహ్ కోసం కాదని, పేరుకోసం, పదవికోసమని ఆయనకు స్పష్టమైంది. అన్నీ వదిలి వెళ్ళాలని పొద్దున నిశ్చయించుకునేవారు. సాయంత్రానికి ఆ నిశ్చయం నీరుగారేది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. దాదాపు 6 నెలలు ఇలాగే గడిచాయి. ప్రయాణానికి పిలుపు వినబడుతున్నది, ఆయుష్షు తరుగుతున్నది, ఎదుట దూరాభారం ఉన్నది. ఇప్పుడు కాకపోతే మరెప్పుడన్న ప్రశ్న ఆయన్ను నిలవనీయలేదు. సమానమైన రెండు క్షణాల్లో ఒకదాన్ని ఎంచుకోవడానికి సంకల్పం చాలునని తత్వవేత్తలకు నేర్పిన మనిషి, బయలుదేరవలసిన రోజును తానే ఎంచుకోలేకపోయారు. చివరికి దిక్కుతోచనివాడిలా అల్లాహ్‌ను వేడుకున్నానని, అప్పుడే హోదా, ధనం, కుటుంబం వదలడం తేలికైందని చెప్పుకున్నారు.

1095 నవంబరులో, హజ్‌కు వెళుతున్నానని చెప్పి, ఇంటివాళ్ళకు సరిపడా ఉంచి మిగిలినది పంచిపెట్టి, బాగ్దాద్ విడిచిపెట్టారు. మద్రసాలో పాఠాలు తమ్ముడు అహ్మద్‌కు అప్పగించారు. రాజకీయ భయంతో పారిపోయారని అప్పుడే పుకార్లు పుట్టాయి. 1092లో నిజాముల్ ముల్క్ హంతకుడి కత్తికి బలికావడం, కొద్దివారాలకే సుల్తాన్ మలిక్ షా మరణించడం, రాజ్యం కలహాలపాలు కావడం నిజమే. అయితే ఉండిపొమ్మని పాలకులు ప్రాధేయపడటం కళ్ళారా చూసినవారు, పండితలోకానికి దిష్టి తగిలిందని వాపోయారట. ఆయన స్వయంగా రాసినదాన్ని పక్కనబెట్టి వేరే కారణాలు వెతకడం అనవసరమని నా అభిప్రాయం.

సుమారు రెండేళ్ళు సిరియాలో ఉన్నారు. దమిష్క్‌లోని ఉమయ్యద్ మసీదు మినార్ ఎక్కి, తలుపు మూసుకుని రోజంతా ఒంటరిగా ధ్యానంలో గడిపేవారు. బైతుల్ మఖ్దిస్ వెళ్ళి అక్కడి గుమ్మటం కింద అలాగే ఏకాంతంలో ఉన్నారు. హెబ్రోన్‌లో హజ్రత్ ఇబ్రాహీం (అ) సమాధి దగ్గర, ఇకపై ఏ పాలకుడి గడపా తొక్కనని, ఏ పాలకుడి సొమ్మూ తీసుకోనని, గెలుపు కోసం వాదనకు దిగనని ఒట్టు పెట్టుకున్నారు. మక్కా, మదీనాలు దర్శించారు. తర్వాత పిల్లల మీద బెంగ ఆయన్ను ఇంటివైపు లాగింది. సంసారపు పనుల మధ్య నిర్మలమైన ధ్యానస్థితి అప్పుడప్పుడు, విడివిడి ఘడియల్లో మాత్రమే దొరికేదని, అయినా ఆశ వదల్లేదని రాశారు. ఈ ఒప్పుకోలు ఆయన మీద మన గౌరవాన్ని పెంచుతుంది.

ఈ ఏళ్ళలోనే ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ రూపొందింది. 40 ప్రకరణాలున్న మహాగ్రంథం. ఉర్దూ చదివే కుటుంబాల్లో దీనిని గాని, దీని సారంగా ఆయనే పారసీకంలో రాసిన ‘కీమియాయే సఆదత్’ను గాని ఎరగనివారు తక్కువ. తహాఫత్‌లో కాలం ఎక్కడ మొదలైందని వాదించిన ఆయన, ఇహ్యాలో ఒక మామూలు విశ్వాసి ఒక మామూలు రోజును ఏం చేసుకోవాలో చెప్పారు. ఫజర్ నుంచి సూర్యాస్తమయం వరకు పగటిని 7 భాగాలు చేశారు. రాత్రికి వేరే విభాగాలున్నాయి. పండితుడికి, విద్యార్థికి, సంసారాన్ని పోషించే చేతిపనివాడికి వేర్వేరు పద్ధతులు చూపారు. పిల్లలకు తిండి సంపాదించవలసినవాడు అంగడి మానేసి జపమాల పట్టుకోవడం తగదని, పనిచేస్తూనే అల్లాహ్‌ను స్మరించుకోవచ్చని ఆయన మాట.

మరో ప్రకరణంలో వ్యాపారి పోలిక తెచ్చారు. వ్యాపారి భాగస్వామికి పెట్టుబడి అప్పగించేముందు షరతులు పెడతాడు, మధ్యలో కనిపెట్టి ఉంటాడు, చివర పద్దు చూస్తాడు. మనిషికి ఆయుష్షే పెట్టుబడి, మనసే భాగస్వామి. ఫజర్ నమాజు కాగానే కొద్దిసేపు కూర్చుని మనసుతో ఒప్పందం చేసుకోవాలి. రాత్రి నిద్రలోనే ప్రాణం పోయిందనీ, ఒక్కరోజు గడువు ఇమ్మని ప్రాధేయపడితే తిరిగి పంపారనీ, ఆ ఒక్కరోజు ఇదేననీ అనుకోవాలి. సాయంత్రం లెక్క చూసుకోవాలి. అక్కడే 24 పెట్టెల దృశ్యం వస్తుంది. రోజులోని ఒక్కో గంటకు ఒక్కో పెట్టె. ప్రళయదినాన వరుసగా తెరుస్తారు. మంచిపని చేసిన గంట వెలుగులు చిమ్ముతుంది. పాపం చేసిన గంట చీకటితో, దుర్గంధంతో నిండి ఉంటుంది. మూడోరకం పెట్టెలో ఏమీ ఉండదు. నిద్రలోనో, ఉబుసుపోక కబుర్లలోనో పోయిన గంట అది. ఆ ఖాళీ పెట్టెను చూసి పడే పశ్చాత్తాపం, పెద్ద లాభం చేజార్చుకున్న వ్యాపారి బాధలాంటిదని వర్ణించారు. ఒక విషయం చెప్పాలి. ఇహ్యాలోని రివాయతులు అన్నీ ప్రామాణికం కావు. హదీసు విద్వాంసుడు హాఫిజ్ ఇరాకీ (మరణం 1404) వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి అనేకం బలహీనమని, కొన్నింటికి ఆధారమే దొరకలేదని తేల్చారు. కనుక ఈ దృశ్యాన్ని హదీసుగా కాక గజాలీ బోధనగా తీసుకోవడం క్షేమం.

జుమా గురించి కూడా ఆయన ఒక మాట రాశారు. తొలి తరాల్లో శుక్రవారం తెల్లవారకముందే జనం దీపాలు పట్టుకుని పండుగనాటిలా వీధులు నిండి మసీదుకు నడిచేవారట. ఆ పెందలాడే పోవడం మానడమే ఇస్లాంలో వచ్చిన మొదటి కొత్త పోకడ అని ఆయన బాధపడ్డారు. ఖుత్బా సగం అయ్యాక చెప్పుల గుట్టలు దాటుకుంటూ లోపలికి దూరే మనకు ఇది కాస్త గుచ్చుకుంటుంది.

సుమారు 11 ఏళ్ళ ఏకాంతం తర్వాత 1106లో, నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడి చేయడంతో నైషాపూర్ నిజామియాలో మళ్ళీ పాఠాలు మొదలుపెట్టారు. పాలకుల గడప తొక్కనన్న ఒట్టు సంగతి ఏమిటని అడిగినవారున్నారు. హిజ్రీ 6వ శతాబ్ది ఆరంభమవుతున్నదని, ప్రతి శతాబ్ది మొదట్లో ధర్మాన్ని పునరుద్ధరించేవారిని అల్లాహ్ లేపుతాడన్న నమ్మకం తనకు ధైర్యమిచ్చిందని ఆయన రాశారు. అప్పుడు తిరిగివచ్చిన గజాలీ పాత గజాలీ కాదు. పదవి సంపాదించిపెట్టే విద్య ఒకప్పుడు చెప్పానని, పదవిని విడిపించే విద్య ఇప్పుడు చెబుతున్నానని ఆయన ఉద్దేశం. కొంతకాలానికి అదీ వదిలి తూస్ చేరి, ఇంటిపక్కనే చిన్న మద్రసా, సూఫీలకు ఖాన్‌ఖాహ్ పెట్టుకున్నారు. ఖుర్ఆన్ పారాయణానికి, సాధకులతో గడపడానికి, పాఠానికి వేళలు పంచుకుని, ఒక్క ఘడియ కూడా వృథా పోనీయకుండా గడిపేవారని సమకాలికుడు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ రాశారు.

హిజ్రీ 505 జమాదిఉస్సానీ 14, క్రీ.శ. 1111 డిసెంబరు 18, సోమవారం. తెల్లవారుజామున గజాలీ వజూ చేసి నమాజు చదివారు. కఫన్ తెమ్మని అడిగి, దాన్ని కళ్ళకద్దుకుని, కాళ్ళు చాపి ఖిబ్లా వైపు తిరిగి పడుకున్నారు. పొద్దుపొడిచేసరికి ప్రాణం పోయింది. ఈ సంగతి చెప్పినవారు తమ్ముడు అహ్మద్. చాంద్రమాన లెక్కలో ఆయనకు అప్పుడు 55 ఏళ్ళు. ఆయన తర్వాత మిగిలింది కుమార్తెలే. ఇల్లు గడవడానికి సరిపడా ఆస్తి ఉన్నందున వారు ఎవరి ముందూ చేయి చాపవలసిన అవసరం రాలేదు. ఆఖరి రోజుల్లో ఆయన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు దగ్గర పెట్టుకుని, కొత్త విద్యార్థిలా ఆ విద్యను మొదటినుంచి నేర్చుకుంటూ ఉండేవారు. మరికొంతకాలం బతికి ఉంటే అందులోనూ అందరినీ మించేవారని అబ్దుల్ గాఫిర్ అంటారు. ఆ కాలం ఆయనకు దొరకలేదు.